గోడ దాటిన తీగ

"బ్యాటరీ మళ్ళీ ఎర్ర దీపం చూపిస్తోంది" అన్నాడు ఎండాయన, తలమీది తడి గోనెపట్టా తీసి దులుపుతూ.

భార్య తలెత్తలేదు. "ముసురు పట్టిందిగా" అంది.

"ముసురులోనూ నిలుస్తుందనే అమ్మినవాడు చెప్పాడు. నిలవలేదంటే ఎవరో తోడుకుంటున్నట్టే."

ఎండాయన అన్నది ఇంటికప్పు మీది సోలారు పలకల్ని చూసి ఊరు అతనికి పెట్టిన పేరు. చప్పుడు లేదు, కంపు లేదు, అడక్కుండా వచ్చే ఎండ అంటూ పాత లైను పీకించేసి, గుడ్లు పొదిగే మిషన్ని ఆ పలకలకే తగిలించాడు. గోడకవతల అన్న. ఆయన పేడాయన. తెల్లారకముందే లేచి పేడ కలిపి, ఆ గ్యాసుతో ఇంజను తిప్పి కరెంటు తీస్తాడు. చాకిరీ చెప్పనలవి కాదు, వాసన సరేసరి. కానీ వానకి ఆగదు. "సూర్యుడేమన్నా నీ మేనమామట్రా, పిలవగానే రావడానికి?" అని అన్న వెక్కిరిస్తే, "నీ పేడ కరెంటు నా గడప తొక్కితే ఒట్టు" అని తమ్ముడు పదిమందిలో అనేశాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఇప్పుడు మిషన్లో గుడ్లు పెంకు పగిలే అదనుకొచ్చాయి. కాసేపు చల్లబడినా లోపలి పిల్లలు లోపలే పోతాయి. అందుకే ఇంటి దీపాలన్నీ ఆర్పేసి, మిగిలిన కరెంటు చుక్కా గుడ్లకే వదిలాడు.

అనుమానం ఒకసారి గూడు కట్టుకున్నాక ప్రతి పుల్లా దానికే పనికొస్తుంది. అన్న ఇంజను పొద్దస్తమానం డుబుడుబుమంటోంది. ఆయనింట్లో చూస్తే మిణుగురంత వెలుతురు. గడ్డి కోసే మిషను ఆపేసి, ఈ వయసులో కొడవలి పట్టుకు కూర్చున్నాడు. వట్టి నటన. ఇంజను లోకానికి చూపించడానికి, తోడుకునేది ఇక్కణ్ణుంచి.

పైగా ఇంటావిడ. పొద్దున గోడ దగ్గర తోడికోడలితో గుసగుసలాడుతూ ఇతన్ని చూడగానే నోరు కట్టేసుకుంది. ఏమిటని అడిగితే సూదికోసం వెళ్ళానంది. వచ్చింది మాత్రం ఉత్తచేతులతో.

ఎండాయన మళ్ళీ గోనెపట్టా కప్పుకున్నాడు.

"గుడ్లు పొదిగే గది వెనక్కి మాత్రం వెళ్ళకండి" అంది భార్య. "జారుడుగా ఉంది."

అంతే, అటే వెళ్ళాడు.

చిక్కుడుపాదు ఆకులు పక్కకి తీస్తే కనబడింది. నల్లతీగ, కొత్తది. పొదిగే గది గోడలోంచి బయటికొచ్చి, పాదు చాటున గోడెక్కి, తిన్నగా అన్న కొట్టంలోకి దిగింది. ఎండాయన ఒళ్ళు మండిపోయింది. తోడబుట్టినవాడు. కట్టుకున్నది చెయ్యి కలపకపోతే తీగ ఆ గదిలోకెలా వస్తుంది?

ఇంట్లోకెళ్ళి కర్రపిడి కత్తి పట్టుకొచ్చాడు. గోడకవతల కొట్టం చూరుకింద అన్న గడ్డి కోస్తున్నాడు.

"పరాయి కరెంటు వెచ్చగా ఉందా అన్నయ్యా?"

పేడాయన కొడవలి ఆపాడు. తీగ వైపోసారి, తమ్ముడి చేతిలో కత్తి వైపోసారి చూశాడు.

"ముసురు వెలిసేదాకా దాని జోలికెళ్ళకురా. వెలిశాక నేనే తీసేస్తా. నువ్వేమన్నా పడతా."

కాదనను కూడా లేదు. దొంగ గడువడుగుతున్నాడు. వెనకనుంచి భార్య బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొస్తోంది. ఆమె నోరు తెరిచేలోపు కత్తి దిగింది. తీగ రెండు ముక్కలైంది.

అన్న ఇంట్లో దీపం ఆరడం కళ్ళారా చూద్దామని ఎండాయన గోడమీంచి తొంగిచూశాడు. దీపం వెలుగుతూనే ఉంది.

ఆగిపోయింది అతని గుడ్లు పొదిగే మిషను.