రెండు మూరల తాడు

ఎడ్జ్‌కమ్ ఊరి పక్క నది గట్టు తెగి ఇళ్లు మునిగిన ఏడు అది.

ఆ ఏడే జెరెమీ, షీనా దేశం కాని దేశంలో, వైకాటో నది మీద పడవలో కాపురం పెట్టారు.

పాత పడవ. ఒక గది, ఒక పొయ్యి, ఒక మంచం. వాళ్లతోపాటు యోనా అనే కుక్క, సుందరి అనే పిల్లి. సెలవు దొరికితే నలుగురూ నది మీద ఎగువకు పోయి వచ్చేవారు. మిగతా రోజుల్లో పడవ చెక్క రేవు దగ్గర కట్టి ఉండేది.

జెరెమీది కనిగిరి వైపు మెట్ట ఊరు. పడవ అతనికి కొత్త. గేదెను గుంజకు కట్టినట్టు కట్టాడు. తాడు రెండు మూరలు.

మర్నాడు చూస్తే ఆరు మూరలుంది.

మళ్లీ బిగించాడు. మళ్లీ ఎవరో వదులు చేశారు.

మూడో రోజు పొద్దున్నే మనిషి దొరికాడు. గట్టు మీద పాత వ్యానులో ఉండే ముసలి తెల్లాయన. చేతిలో తాడు ఉంది. అందరి మీదా మొరిగే యోనా ఆయన కాళ్ల దగ్గర బ్రెడ్డు ముక్క తింటోంది.

ఇంత బిగువు వద్దన్నాడు ముసలాయన. నీళ్లు లేస్తే పడవ కూడా లేవాలన్నాడు.

“పడవ నాది, తాడు నాది. చెయ్యి తియ్.”

ఆయన చెయ్యి తీశాడు. పోతూ పోతూ రేవు గుంజల్లో మూడో దాని దగ్గర ఆగాడు. ఆ గుంజ తలకు ఎప్పటిదో పాత తాడు వేలాడుతోంది. దాని చివర తుప్పు పట్టిన ఇనుప కొక్కెం. దాన్ని ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

షీనాకు భయం పట్టుకుంది. ఆమెది ముసలివాళ్ల ఆశ్రమంలో నైట్ డ్యూటీ. పగలంతా పడవలో ఒంటరిగా నిద్రపోవాలి.

“నేను పడుకున్నాక తాడు పూర్తిగా విప్పేస్తేనో?” అంది.

జెరెమీ తలుపుకు లోపలివైపు గడియ పెట్టించాడు. తాడు తీసేసి ఇనుప గొలుసు వేశాడు. అదీ రెండు మూరలే. తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ముసలాయన వచ్చి గొలుసు చూశాడు. చాలాసేపు చూశాడు. తాళం చెవి ఇంకొకటి ఉంటే తనకిమ్మన్నాడు.

జెరెమీ నవ్వాడు. “పడవ కూడా రాసిమ్మంటావా?”

ముసలాయన నవ్వలేదు. మర్నాడు ఆయన వ్యాను టౌనుకు పోయింది. తిరిగొచ్చి ఒక బరువైన సంచి దించుకున్నాడు. అందులో ఏముందోనని షీనా రెండు రోజులు సరిగా నిద్రపోలేదు.

రోడ్డు మీద పాలు, బ్రెడ్డు అమ్మే డైరీ కొట్టు నడిపే రాజ్యం ఆంటీకి జెరెమీ ఇదంతా చెప్పాడు.

“ఆ తాత అట్టాంటోడు కాదు బాబూ. ఆయన సంగతి నీకు...”

“తెలుసులే ఆంటీ. పాలివ్వండి, షిఫ్ట్‌కి టైమవుతోంది.”

తర్వాతి వారం వాన మొదలైంది. మూడు రోజులు ఆగలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం జెరెమీ ఉల్లిపాయల షెడ్డులో పనిలో ఉన్నాడు. ఎగువన డ్యాము నీళ్లు వదిలారని, నది లేస్తోందని రేడియోలో చెప్పారు.

అతని చెయ్యి జేబులోకి పోయింది. తాళం చెవి తగిలింది.

షీనాకు ఫోన్ చేశాడు. మోగింది, తీయలేదు. మళ్లీ చేశాడు. ఈసారి మోగనే లేదు.

కారు తీశాడు. పల్లపు రోడ్డు మీద నీళ్లకు కారు ఆగిపోయింది. దిగి పరుగెత్తాడు. పిడికిట్లో చెవి గుచ్చుకుని నెత్తురొచ్చింది. అది అతనికి తెలియలేదు.

రేవు కనపడలేదు. గుంజల తలలు మాత్రమే నీళ్ల పైన ఉన్నాయి.

పడవ ఉంది. నీళ్లతోపాటు లేచి నిలబడి ఉంది. పొడుగాటి కొత్త తాడు ఒకటి దాన్ని గుంజకు పట్టి ఉంచింది. తెగిన గొలుసు పడవ అంచు నుంచి వేలాడుతోంది. గట్టు మీద ముసలాయన సంచి ఖాళీగా పడి ఉంది.

షీనా తలుపు తీసింది. ఒక చేతిలో కూరగాయల కత్తి, చంకలో సుందరి.

యోనా అరుపులకు మెలకువ వచ్చిందట. అప్పటికే పడవ ఒక పక్కకు ఒరిగిపోయి, మంచం కాళ్ల దాకా నీళ్లొచ్చాయి. బయట ఇనుము కోస్తున్న చప్పుడు. కిటికీలో ముసలాయన ముఖం. తలుపు తీసి బయటికి రమ్మని అరిచాడట.

“నేను తియ్యలేదండీ. కత్తి చూపించాను.”

ఆయన ఇంకేమీ అనకుండా మళ్లీ గొలుసు దగ్గరికి పోయాడు. కాసేపటికి గొలుసు తెగింది. పడవ ఒక్క ఊపున పైకి లేచింది. ఆమె కిటికీలోంచి చూసేసరికి ఎవరూ లేరు.

యోనా మాత్రం నీళ్లకేసి చూసి మొరుగుతూనే ఉంది.

చీకటి పడకముందే ఆయన దొరికాడు. రెండు కిలోమీటర్ల దిగువన, నీళ్లలోకి వాలిన విల్లో చెట్టు కొమ్మల్లో, ఊపిరి లేకుండా.

రాజ్యం ఆంటీ కొట్టు మూసేసి వచ్చింది.

“ఆయనా ఈ రేవులోనే పడవలో ఉండేవాడు బాబూ. మూడేళ్లయింది. ఇట్టాంటి వానే. భార్యనీ కుక్కనీ పడవలో ఉంచి బ్రెడ్డు కోసమని నా దగ్గరికొచ్చాడు. వాన తగ్గాక పోదువులే అని నేనే ఆపా. ఆయన పోయేసరికి పడవ కట్టిన చోటే మునిగి ఉంది.”

జెరెమీ తల తిప్పి మూడో గుంజ వైపు చూశాడు.

మర్నాడు పొద్దునకు నీళ్లు కొంత తీశాయి. అతను గుంజలు పట్టుకుంటూ నడుం లోతు నీళ్లలో మూడో గుంజ దాకా పోయాడు. ఆ పాత తాడును పైకి లాగి బురద తుడిచాడు. ముడి దగ్గర మొదలుపెట్టి, పడవ నుంచి ఊడొచ్చిన ఆ కొక్కెం దాకా మూర వేసి కొలిచాడు.

సరిగ్గా రెండు మూరలుంది.