నడిమి గడి

"మెడల ఒక గొలుసు పెట్టు బిడ్డా. రెండు వరుసలది," అన్నాడు ఓంప్రకాశ్, మేనకోడలి భుజం మీదుగా ఫోన్‌లోకి వంగి.

వాసంతి తల ఎత్తలేదు. "అమ్మమ్మ మెడల ఎన్నడన్న గొలుసు చూసినవా మామా?"

"ఉన్నదా లేదా ఎవడడుగుతడు? రేపు దినాలకు వచ్చెటోళ్లు ఫ్లెక్సీ చూస్తరు. మొహం జర తెల్లగ గూడ చెయ్యి."

"నెత్తిల ఆ దూది తీసెయ్యి," అంది వంటింట్లోంచి అతని భార్య వినోద. "మగ్గం మీదికెల్లి గుంజుకొచ్చినట్టు కొడతాంది."

అమ్మమ్మ యాదవ్వ ఈ కొత్తవాడలోనే నలభై ఏళ్లు మగ్గం మీద జంపఖానాలు నేసింది. అందుకే వాసంతి ఫోన్‌లో ఫోటో ముక్కలను జంపఖానా మీది గడుల్లా పేర్చింది. మగ్గం, రంగు నూలు ఉండలు, సున్నపు డబ్బీ, విరిగితే దారం చుట్టుకున్న కళ్లద్దాలు. నడిమి గడి ఒక్కటే కుదరలేదు. అక్కడ ముఖం కావాలి. ఆధార్ కార్డులోని ముఖం తప్ప ఇంకోటి దొరక్క, అప్పటికి దాన్నే పెట్టింది. అందులో అమ్మమ్మ జుట్టులో దూది పోగులతో బెదిరిన కోడిలా ఉంది. ఆరింటికల్లా ఫ్లెక్సీ దుకాణానికి పంపాలి. అమ్మమ్మ నవ్వు లేకుండా పంపడానికి వాసంతికి మనసొప్పడం లేదు.

"మీ గృహప్రవేశం ఆల్బం తియ్యి మామా."

ఓంప్రకాశ్ నసుగుతూనే తెచ్చాడు. ఆల్బం అంతా తిరగేసినా యాదవ్వ లేదు. ఒక ఫోటోలో మాత్రం అంచున నిలబడ్డ పిల్ల భుజం మీద నాలుగు వేళ్లున్నాయి. వేళ్ల వెనక మనిషి లేదు, గోడే ఉంది.

"ఈ వేళ్లు ఎవరియి?"

ఓంప్రకాశ్ చూపు తిప్పుకున్నాడు. "అమ్మయే. బొట్టు లేని మొహం మంచిపనిల ముందట ఎందుకని అందరన్నరు. స్టూడియోవాడు తీసేసిండు. వేళ్లు మర్సిపోయినట్టున్నడు."

"ఛీ. కన్నతల్లి మామా. ఆ వేళ్లు మాత్రం ఎందుకు ఉంచినవ్?"

వినోద గరిటెతోనే బయటికొచ్చింది. "నోరు జర ఆపు వాసంతీ. లోకంల లేనిది మేం చేసినమా?"

"లోకం పేరు చెప్పకు అత్తా. మిమ్ముల జూస్తె కక్కొస్తాంది నాకు."

అప్పుడే వాసంతికి తన కూతురు తేజస్విని మొదటి పుట్టినరోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఫోటోలు తీసింది హనుమకొండ స్టూడియో విజయ్‌కుమార్. వెంటనే అతనికి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అన్నా, తేజస్విని వాళ్ల అమ్మను. నాలుగేండ్ల కింద పాప పుట్టినరోజుకు మా అమ్మమ్మ నవ్వెటి ఫోటో తీసినవ్. ఉంటె జర పంపు."

అరగంటకు ఫోటో వచ్చింది. ముగ్గురూ ఫోన్ మీదికి వంగారు. కుర్చీలో పాప. వెనక నుంచి వంగిన యాదవ్వ జుట్టులోని దూదిని పాప గుప్పిటతో పట్టుకుని లాగుతోంది. యాదవ్వ చిగుళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

వాసంతి ఆ నవ్వును నడిమి గడిలో పెట్టింది. నేసినట్టే కుదిరింది.

ఓంప్రకాశ్ కింద చతికిలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

"ఆ దూది ఉండనీ," అంది వినోద మెల్లగా.

కాసేపటికి ఓంప్రకాశ్ ముక్కు తుడుచుకున్నాడు. "ఇంత మంచి ఫోటో, మీ ఆల్బంల నేనెన్నడు సూడలే."

నిజమే. పుట్టినరోజు ఆల్బంలో కుర్చీ, పాప, రంగు బెలూన్లు. అంతే. వాసంతి ముఖం చిట్లించింది. "ఆ ఫోటోలాయన గూడ నీ అసొంటోడే మామా. ఉండు, మీ ముందటనే అడుగుత."

సౌండ్ పెంచి మెసేజ్ పెట్టింది. "అన్నా, మా అమ్మమ్మను ఆల్బంలకెల్లి ఎందుకు తీసేసినవ్? నీకు సిగ్గనిపియ్యలేదా?"

జవాబు వెంటనే వచ్చింది. విజయ్‌కుమార్ నాలుగేళ్ల కిందటి వాయిస్ మెసేజ్ ఒకటి తిరిగి పంపాడు. వాసంతి ఫోన్‌ను ముగ్గురి మధ్య పెట్టి నొక్కింది. గదిలో వాసంతి గొంతే మోగింది.

"అన్నా, పాప బుగ్గ మీద దోమ కుట్టిన మచ్చ తీసెయ్యి. గౌను రంగు జర పెంచు. ఆఁ, కుర్చీ ఎనుక బొట్టు లేని ముసలామె ఉన్నది కద, ఆమెను గూడ తీసెయ్యి. మొదటి పుట్టినరోజు, మంచిగుండది."