దండ వేసిన బంతి

"నూట ముప్పై పాయింట్లు కొట్టేది ఆటా, సంతలో వేలంపాటా?" అన్నాడు సాయిగణేష్.

ఆదివారం పొద్దున్నే, వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు గేటు దగ్గర మొదలైంది ఈ గొడవ. ఫోనులో అమెరికా ప్రొఫెషనల్ మ్యాచ్ నడుస్తోంది.

"చూసేవాడికి మజా ఉండాలిరా," అంది డయానా. "దగ్గర్నుంచి వేస్తే రెండు, దూరం నుంచి వేస్తే మూడు. కష్టానికి తగ్గ ఫలం."

"ఏం ఫలం! ఇప్పుడందరూ దూరం నుంచి విసిరేవాళ్ళే. రింగు దాకా దూసుకొచ్చే మొనగాడే లేడు. అదే కబడ్డీ చూడు, ఒక్క పాయింటుకి ప్రాణం లేచొస్తుంది. ఇందులో ఆఖరి రెండు నిమిషాల్ని అరగంట సాగదీస్తారు."

"క్లైమాక్స్ అన్నాక సాగుతుంది మరి!"

"డేనియల్, నువ్వు చెప్పరా," అన్నాడు సాయిగణేష్.

డేనియల్ వంగి బూటు లేసు కట్టుకోసాగాడు. అతనికి ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది. కోర్టులో బంతి దొరికితే ఏం చెయ్యాలో అతనికి బాగా తెలుసు. మాటల్లో దొరికిపోతేనే ఏం చెయ్యాలో తెలీదు.

అసలు ఇవాళ అతని మనసు మ్యాచ్ మీద లేదు. ఈ స్థలం పామర్రు పాల్ గారిది. దీన్ని గోడౌన్ కట్టుకోవడానికి ఇమ్మని ఉల్లిపాయల షావుకారు వెంటపడుతున్నాడు. అమ్మెయ్యాలో, ఆటకే ఉంచాలో ఆదివారం వచ్చి చూశాక తేలుస్తామని పాల్ గారు కబురు పెట్టారు. పొద్దునా సాయంత్రం వీధిలో పిల్లలంతా ఆడేది ఇక్కడే. ఇది పోతే వాళ్ళకి మిగిలేవి లారీల మధ్య సందులే.

అందుకే మర్యాదకి లోటు రానివ్వకూడదనుకున్నారు ముగ్గురూ. కోర్టంతా కడిగారు. డయానా నడిమధ్యన పెద్ద ముగ్గు వేసింది. సాయిగణేష్ కొత్త బంతికి బొట్టు పెట్టి, చామంతి దండ వేసి, బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆడుకుందామని వచ్చిన పిల్లల్ని "ఇవాళ పెద్దమనిషి వస్తున్నారు, అడుగు పెడితే కాళ్ళు విరుగుతాయి" అని తరిమేశారు. వచ్చే అతిథికి ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

ఇంతలో ఆటో ఒకటి ఆగింది. డెబ్బై దాటిన ముసలామె దిగింది. తెల్ల చీర, చేతిలో బైబిలు సంచీ. చర్చికి వెళ్తూ దారి తప్పిందేమో అనుకున్నాడు డేనియల్.

"ఇవాళ ఆట లేదా బాబూ?"

"లేదండి మామ్మగారూ."

ఆమె ఖాళీ కోర్టు వంక అయోమయంగా చూసింది. తర్వాత ఫోను వంక చూసింది.

"మరి ఇదేంటి?"

"ఇది మ్యాచ్ మామ్మగారూ. దీని న్యాయం తేలుస్తున్నాం," అన్నాడు సాయిగణేష్ హుషారుగా. "మీరే చెప్పండి. దూరం నుంచి వేస్తే ఎక్కువ పాయింట్లు ఇవ్వడం ధర్మమేనా?"

"ఎంత దూరం నుంచి వేసినా రెండే కదయ్యా?"

సాయిగణేష్, డయానా పగలబడి నవ్వారు. డేనియల్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో అతనికే తెలియలేదు.

"మూడు మామ్మగారూ! గీత అవతల్నుంచి వేస్తే మూడు," అంది డయానా.

"అట్లాగా! మరి అప్పుడు పక్కవాడికి అందించడం ఎందుకు? ఎవడికి వాడు వేసుకోవచ్చుగా."

"చూశారా! మామ్మగారు నా పార్టీ!" అని చప్పట్లు కొట్టాడు సాయిగణేష్.

"అదేం కాదు, ఆవిడకి ఆట తెలీక అన్నారు," అని లేచింది డయానా. గొడవ మళ్ళీ మొదటికి వచ్చింది.

ముసలామె కాసేపు విని, "అయితే మీరెప్పుడు ఆడతారమ్మా?" అని అడిగింది.

"ముందు ఇది తేలనివ్వండి!" అంది డయానా.

ఆమె డేనియల్ వైపు తిరిగింది. "ఒక్కసారి ఆ బంతి ఇస్తావా బాబూ?"

డేనియల్ చెయ్యి చాచాడు.

"ముట్టుకోకురా! పెద్దమనిషి వచ్చేదాకా కదపొద్దు!" అని అరిచాడు సాయిగణేష్.

"దండ వేశామండీ..." అని నసిగాడు డేనియల్.

"దండలు పోయినవాళ్ళ ఫోటోలకి వేస్తారు బాబూ," అందామె మెల్లగా.

కాసిని మంచినీళ్ళయినా ఇద్దామని డేనియల్ సీసా తీసేలోపు ఆమె ఆటో ఎక్కేసింది.

ఎండెక్కాక కారు వచ్చింది. పాల్ గారు దిగీ దిగగానే మెడలో దండ, భుజాల మీద శాలువా పడ్డాయి. ఆయన ఇబ్బందిగా దండ తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఇవన్నీ ఎందుకండీ. చెప్పకుండా వెళ్తే బాగుండదని వచ్చాను. స్థలం షావుకారు గారికి ఇచ్చేశాం. ఆయన కాగితాలతో కాచుకునే ఉన్నారు, అగ్రిమెంటు మీద ఇందాకే సంతకం కూడా అయిపోయింది."

డేనియల్‌కి విన్నది బుర్రకెక్కలేదు. "మీరు చూడకుండానేనా అండీ?"

"అమ్మ చూసిందండీ. స్థలం ఆవిడదే, పనుల మీద తిరుగుడు మాత్రం నాది. ఒక్కరు ఆడుతూ కనిపించినా ఉంచేద్దామంది. పొద్దున్నే ఆటోలో వచ్చి చూసుకుని, అక్కడ మాట్లాడేవాళ్ళే ఉన్నారు, ఆడేవాళ్ళు లేరంది."

"రోజూ ఆడతామండీ! మీరొస్తున్నారనే ఇవాళ ఆపాం!" అన్నాడు డేనియల్ ముగ్గు వైపు చెయ్యి చూపిస్తూ. పక్కన ఇద్దరూ తలలు దించుకున్నారు.

పాల్ గారు ముగ్గుని చూశారు. బల్లని చూశారు. సంగతి అర్థమై, "అయ్యయ్యో" అన్నారు.

"ఆ ముక్క పొద్దున ఆవిడతో అనాల్సిందండీ," అన్నారు చివరికి. "మూడు పాయింట్ల గీత ఇంకా రాని రోజుల్లో ఆంధ్రా అమ్మాయిల జట్టుకి కెప్టెన్‌గా ఆడిన మనిషి, పెళ్ళికి నగలు వద్దే వద్దని మా తాతయ్యతో పోట్లాడి ఈ రెండు రింగు స్తంభాలూ పాతించుకుందట."