ముఖ్యాంశాలయ్యాక ఒక్కసారి

"ఈ ఒక్కరోజు సెలవు పెట్టలేవటే?" అంది అమ్మ.

అడగడం ఇది మూడోసారి. న్యూస్ యాంకర్ మూడోసారి కూడా దుప్పటి అంచు సర్దింది.

అమ్మకి గుండె ఆపరేషన్ రేపు పొద్దున్న అన్నారు. మధ్యాహ్నం డాక్టర్ వచ్చి, కాదు, ఈ సాయంత్రమే అన్నాడు. ఏడుంబావుకి లోపలికి తీసుకెళ్తారట. ఇరవై నాలుగు గంటలుండగా సరిగ్గా ఆ గంటే దొరికింది! ఏడింటికి వార్తలు.

"కుదరదమ్మా. ఏడింటికి తెర మీద నేనే ఉంటాను. మార్చడానికి లేదు."

"ఇంకెవరికీ చదవడం రాదా?"

"వచ్చు. అయినా నేనే ఉంటాను."

అమ్మ గోడవైపు తిరిగిపోయింది. పక్క మంచం ఆవిడ కల్పించుకుంది.

"పోనీలెండి వదినగారూ. మీ అమ్మాయి రాకపోతే ఈ వార్డులో టీవీ దండగ. నిన్న ఆవిడ వచ్చే టైమైందని మా ఆయన్ని ఫోన్ పెట్టేయమన్నాను, తెలుసా?" అని ఇటు తిరిగింది. "అయినా మేడమ్, టీవీలో బుగ్గలతో నిండుగా ఉంటారు. ఇక్కడేంటి ఇలా పీక్కుపోయారు?"

"కెమెరా అలా చూపిస్తుందండీ" అంటుండగానే దగ్గొచ్చింది. వారం నుంచీ వదలని దగ్గు.

"చూశారా?" అమ్మ అలక మర్చిపోయి ఇటు తిరిగింది. "ఇక్కడ ఖళ్ళుఖళ్ళుమంటుంది. అక్కడ కూర్చుందంటే ఒక్క దగ్గుండదు. ఎక్కడ దాస్తుందో మహాతల్లి!"

వార్డంతా నవ్వింది. యాంకర్ కూడా నవ్వింది. పెదాలు ఎంతవరకు సాగాలో పెదాలకే తెలుసు.

అమ్మ రిటైరైన టీచరు. పదిహేడేళ్ళ క్రితం కూతురు మొదటిసారి వార్తలు చదివిన రోజు, బులెటిన్ అయిన నిమిషంలోనే ఫోన్ మోగింది. బ్రహ్మాండం అంటుందనుకుంది. "సగం మాటలు మింగేస్తున్నావే. మా బడిలో అయితే బెంచీ ఎక్కించేదాన్ని" అంది అమ్మ. అప్పటినుంచీ రోజూ అంతే. పాత క్యాలెండర్ కాగితాల వెనక తప్పులన్నీ రాసిపెట్టుకునేది, నంబర్లేసి మరీ. వరుసగా తొమ్మిది తప్పులు చెప్పి, పదోది "రాత్రి తిన్నావా?" అనేది.

"ఈ నాలుగు నెలల్లో ఒక్క తప్పు చేయలేదండీ ఇది" అని ఇప్పుడు పక్కావిడకి చెబుతోంది. "నా పెన్నులో ఇంకు ఎండిపోయింది. నాకేం పని లేకుండా చేసింది."

ఆ గొంతులో గర్వం. అది వింటే ఎక్కడో కలుక్కుమనాలి. అనలేదు. పన్ను పీకించుకున్నాక చెంప ఎలా ఉంటుందో, నాలుగు నెలలుగా ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది. ఉందని తెలుస్తుంది, అంతే.

ఒక్కోసారి అన్నీ చెప్పేద్దామనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం డాక్టర్ వరండాలోకి పిలిచి మరీ చెప్పాడు. "ఆపరేషన్ అయ్యేదాకా పెద్దావిడ మనసు కదిలే మాట ఒక్కటి కూడా వద్దు." ఆమె తలూపింది. వరదలకీ, రైలు ప్రమాదాలకీ పదిహేడేళ్ళు ఊపిన తలే.

నర్సు వచ్చి చీటీలో ఏదో రాసుకుంది. "పెద్దమ్మా, మీ హీరోయిన్‌ని చూశాకే తీసుకెళ్తాంలే. ముఖ్యాంశాల వరకే! ఆ తర్వాత బండెక్కేయాలి, పేచీలొద్దు."

"అది చాలు తల్లీ."

ఆరుంబావు అయింది. యాంకర్ బ్యాగ్ భుజాన వేసుకుంది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"భయంగా ఉందే."

మూడొందల మంది పిల్లల్ని వణికించిన గొంతు. ఇప్పుడు అదే వణుకుతోంది.

"మత్తిస్తారమ్మా. ఏమీ తెలీదు."

"మత్తిచ్చేదాకా తెలుస్తుందిగా." అమ్మ మణికట్టు వదల్లేదు. "పోనీ ఓ పని చెయ్యి. ముఖ్యాంశాలయ్యాక ఒక్కసారి నీ చెవిపోగు ముట్టుకో. జనానికేం తెలుస్తుంది, జుట్టు సర్దుకుందనుకుంటారు. నాకోసమేనని నాకు తెలుస్తుంది. ధైర్యంగా లోపలికెళ్తా."

యాంకర్ గోడ మీదున్న టీవీ వైపు చూసింది. ఇంకా పెట్టలేదు. నల్లటి అద్దంలో ఇద్దరూ చిన్నగా కనిపిస్తున్నారు.

"ముట్టుకుంటావా?"

"ముట్టుకుంటానమ్మా."

"మాటేనా?"

"మాటే."

"ఇంక పో. లేటైతే వాళ్ళు ఊరుకోరు."

మెట్లు దిగింది. గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. "లైవ్‌కి టైమైపోతోంది మేడమ్, పరిగెత్తండి!" ఆమె నాలుగడుగులు పరిగెత్తింది కూడా, అతని కోసం.

ఏడింటికి రెండు నిమిషాలు తక్కువ. కుర్చీలో వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. గొంతు సవరించుకుంది. సంగీతం మొదలైంది. ఆ సంగీతానికి పదిహేడేళ్ళుగా భుజాలు వాటంతట అవే పైకి లేస్తాయి. ఇప్పుడూ లేచాయి.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ముఖ్యాంశాలు అయిపోయాయి.

చెయ్యెత్తి కుడి చెవిపోగు ముట్టుకుంది. తొందర లేకుండా, అమ్మ ఎదురుగా ఉన్నట్టే.

ఆమె కూర్చున్నది ఆస్పత్రికి ఎదురు రోడ్డులోని టీకొట్టులో. సరిగ్గా ఆమె తల పైన వేలాడుతున్న టీవీలో, నాలుగు నెలల క్రితం ఉద్యోగం పోయిన రోజున, కంప్యూటర్ యాంకర్‌ని తయారుచేసుకోండని ఛానెల్‌కి సంతకం పెట్టిచ్చేసిన ఆమె మొహం మాత్రం, రెండు చేతులూ బల్ల మీదే ఉంచి, ఒక్క దగ్గు లేకుండా, ఒక్క తప్పు లేకుండా, తర్వాతి వార్తలోకి వెళ్ళిపోయింది.