వాడలో ఆఖరి మేక

మేకను పట్టించాలని మనోరమ పథకం వేసింది. పథకమంటే పెద్దదేం కాదు. పెరటి తలుపు వెనక నిలబడి ఈరయ్యను గట్టిగా పిలవడమే. తలుపు తీయడం మాత్రం పథకంలో లేదు.

తాండూరు అంగడికి పోయే బాట పక్కన ఉంది వాళ్ల ఊరు. మనోరమ నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. కానీ ఎవరిని పిలవాలనే ఒక్క విషయంలో వాడంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఎద్దు కాలు విరిగితే వికారాబాద్‌లో కొత్తగా తెరిచిన పశువుల దవాఖానకు పోవాలి. పిచ్చికుక్క కనబడితే పోలీస్ పటేల్‌కు చెప్పాలి. పరుల చేలో పడ్డ పశువును బందెలదొడ్డిలో కట్టేయాలంటే కావలికారు ఈరయ్యను పిలవాలి. ఇదంతా బడి పుస్తకంలోని పాఠం. దాంతోనే తనకు లోకజ్ఞానం వచ్చేసిందని ఆమె నమ్మకం.

ఆ చలికాలం తెల్లవారుజామున వాళ్ల పెరట్లో మేక గంట గణగణమనేది. తెల్లారి చూస్తే పందిరి మీద చిక్కుడుకాయలు మాయం.

మొదట కాశమ్మ మేకను అనుమానించింది. ఈరయ్య దాన్ని దొడ్డికి తోలుకుపోయాడు. అయినా గంట మోగింది. ఇక వాడలో మిగిలింది జంగమ్మ మేక ఒక్కటే. ఇంతకన్నా రుజువేం కావాలి?

"ఈరయ్య తాతా! మేకొచ్చింది!" తలుపు వెనకనుంచి కేకేసింది.

"వస్తున్న బిడ్డా!"

కేక ఆగకముందే ఈరయ్య గోడ పక్కనుంచి ప్రత్యక్షమయ్యాడు. చేతిలో గోనె మూట, దాని మూతి దగ్గర గడ్డి బయటికి వేలాడుతోంది. ఇంత తొందరగా పలికే మనిషి సర్కారులో ఇంకొకడు ఉండడని మనోరమ మురిసిపోయి, అప్పుడు తలుపు తీసింది.

"గిప్పుడే జంగమ్మ ఇంటి దిక్కు ఉరికింది. నువ్వు కండ్లార చూసినవా బిడ్డా?"

"గంట విన్న గద."

"గది చాలు. సదువుకున్న బిడ్డవు, నీ సాక్ష్యమే సాక్ష్యం. జర గీ మూట ఎత్తు, దొడ్ల పశువులకు మేత."

మూట మస్తు బరువుంది. మనోరమే రెండు చేతులా ఎత్తి అతని నెత్తిన పెట్టింది.

తల్లి రాధమ్మ పందిరి చూసి ముక్కున వేలేసుకుంది. "గిదేం మేకనే! ఆకు ముట్టలె, ముదురు కాయ ముట్టలె, లేతయే ఏరుకోని తిన్నది."

"మేకకు రుచి తెల్వదా అమ్మా?" అంది మనోరమ, అన్నీ తెలిసినట్టు.

మధ్యాహ్నం జంగమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. "మా మేక గుంజకే ఉండె బిడ్డా, తాడు సుత తెగలె. అయినా ఈరయ్య దొడ్డికి తోలుకపోయిండు. తల్లి లేని మనుమనికి గా పాలే ఆధారం. అంగడి నాడు హర్రాజు పెడ్తడంట. నువ్వొక్క మాట చెప్తె ఇడుస్తడు."

మనోరమ గుండె కలుక్కుమంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే తన లోకజ్ఞానం గతేం కావాలి?

"కానూను ప్రకారమే పోవాలె జంగమ్మా" అంది నేల చూస్తూ. ఆ ముక్కా పుస్తకంలోదే.

అంగడి రోజు ఇంకా వెలుతురు రాకముందే జంగమ్మ గిన్నె పట్టుకుని పాలు అడగడానికి వచ్చింది. చంకలో పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. వాణ్ని చూడలేక మనోరమ గిన్నె అందుకుంది.

సరిగ్గా అప్పుడే పెరట్లో గంట గణగణమంది.

మనోరమకు ప్రాణం లేచొచ్చింది. "విన్నవా? నీ మేక దొడ్లకెల్లి సుత తప్పించుకోని వచ్చింది! నా మాట అబద్ధమా?"

"నా మేకనా?" జంగమ్మ బిత్తరపోయింది. "దొడ్డి దిక్కు నుంచే వస్తున్న బిడ్డా. అది ఆడ కట్టేసే ఉన్నది, నన్ను చూసి ఒకటే అరిచింది."

వాడలో ఇంకో మేక లేదు. గంట మాత్రం మోగుతూనే ఉంది. ఇలాంటప్పుడు ఎవరిని పిలవాలో వాడంతటిలో తెలిసింది మనోరమకే కదా. జన్మలో మొదటిసారి తలుపు తెరిచి మరీ, బాట వైపు తిరిగి గొంతు చించుకుంది.

"ఈరయ్య తాతా! జల్ది రా! మేకొచ్చింది!"

చిక్కుడు పందిరి కిందనుంచి, గంట చప్పుడు మధ్యలోనుంచే, అలవాటుకొద్దీ జవాబొచ్చింది.

"వస్తున్న బిడ్డా!"