ఆరో రుచి

రంగస్వామి నోట్లో ఈ ఇంటి ఉప్పు పడాలి. పెద్ద ఈరన్న ఈసారి ఉగాదికి ఇంతమందిని పిలిచింది అందుకే.

"రేపు వాడు మనింట్లో నాలుగు ముద్దలు తింటే సాలు. రంగసామి ఎవరికన్నా ఎదురు తిరుగుతాడు గానీ, ఉప్పు తిన్న ఇంటికి మాత్రం తిరగడు" అని ముందురోజే పెళ్ళాం ఉరుకుందమ్మకు చెప్పి పెట్టాడు.

సోమవారం కోర్టులో రంగస్వామి సాక్ష్యం. మధ్యలో ఉన్నది ఒక్క రోజే.

ఆర్నెల్ల కిందట బేతంచెర్ల మలుపులో పెద్ద ఈరన్న నాపరాళ్ల లారీ ఇద్దరు క్వారీ కూలీల మీదికి ఎక్కింది. నేనే నడిపానని డ్రైవర్ దావీదురాజు జైలుకు పోయాడు. పన్నెండేళ్లు ఈ ఇంటి అన్నం తిన్నవాడు మరి. తాగి స్టీరింగ్ పట్టుకున్నది మాత్రం పెద్ద ఈరన్న ఒక్కగానొక్క కొడుకు నాగరాజ్. వాడు లారీ దిగి పారిపోవడం కళ్లారా చూసింది మలుపులో టీ బంకు నడిపే రంగస్వామి ఒక్కడే. ఆయన ఇంతవరకూ నోరు విప్పలేదు. కోర్టులో ఏం చెబుతాడో ఎవరికీ తెలియదు.

ఉరుకుందమ్మకు కంటి మీద కునుకు లేదు. కన్నకొడుకు బతుకాయె. తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించింది.

పొద్దున్నే దావీదురాజు భార్య ఏసుమణి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. పెద్ద ఈరన్న కసిరాడు. "పండగ పూట ఈడ నిలబడి ఏడవొద్దు. పో." ఉరుకుందమ్మ వంటింట్లోంచి చూసి తల దించుకుంది.

మధ్యాహ్నానికి పాతికమంది చుట్టాలు, స్నేహితులు దిగారు. ఊరి పెద్దలిద్దరు రంగస్వామిని వెంటబెట్టుకుని వచ్చారు. పండగ పిలుపు కాదనలేక వచ్చాడే గానీ, మనిషి ముళ్ల మీద కూర్చున్నట్టున్నాడు. నాగరాజ్ ఎదురుగా కూర్చుని గుడ్లురిమి చూస్తున్నాడు.

ముందు ఉగాది పచ్చడి పంచారు. పెద్ద ఈరన్న అక్క నాగలక్ష్మమ్మ నాలుకకు రాసుకుని మొహం చిట్లించింది.

"ఏమే ఉరుకుందీ, ఆరు రుచుల్లో ఐదే ఉండాయి. ఉప్పేదీ?"

"మర్చిపోయినట్టుండా వదినా."

అప్పటికే విస్తళ్లలో వడ్డన అయిపోయింది. భక్ష్యాలు, అలసంద వడలు, చిత్రాన్నం, పప్పు, చారు. 'అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు' అందట ఉప్పు. చిత్రాన్నంలో లేదు. పప్పులో లేదు. చారు వేడినీళ్లలా ఉంది.

"థూ! ఇది కూడా ఒక వంటేనా?" ఎవరో ఉమ్మేశారు.

"దేవునికి పెట్టకముందు రుచి చూడకూడదు గదా, తెలీలేదు" అంది ఉరుకుందమ్మ.

పెద్ద ఈరన్న పళ్లు కొరికాడు. "ఊరగాయన్నా తెచ్చి ఎయ్యి."

"పాతది అయిపోయింది. కొత్తది ఇంగా పెట్టలేదు."

"ఉప్పు డబ్బా తే!"

నాగలక్ష్మమ్మే వంటింట్లోకి పరుగెత్తింది. డబ్బా బోర్లించి చూపించింది. ఖాళీ. పక్కింటికి పోయి అడిగితే, పండగ పూట ఉప్పిస్తే లక్ష్మి పోతుందని ముఖం మీదే తలుపేశారు. చివరికి నాగరాజే బండి తీశాడు. ఊళ్లో అంగడి మూసేశారు. బేతంచెర్ల పోయి రావాలి.

రంగస్వామి ఇదంతా విన్నాడు. తల వంచుకుని గబగబా తింటున్నాడు. మిగతావాళ్లు కెలికి వదిలేశారు. ఆయన ఒక్కడే ఒక్క మెతుకు వదలడం లేదు.

ఉరుకుందమ్మ కళ్లు ఆయన విస్తరి మీద, చెవులు వీధి మీద.

"ఏమప్పా, అంత తొందరేమి? నిదానంగా తిను" అని పెద్ద ఈరన్న పళ్లికిలించి, పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏమే, ఇంగో రెండు భక్ష్యాలెయ్యి!"

ఆమె కంగారులో చెంబెత్తి మజ్జిగ పోసేసింది.

"భక్ష్యాలంటే మజ్జిగ పోస్తావేమే, తిక్కదానా!"

మజ్జిగ పోశాక ఇంకేముంది, భోజనం అయిపోయినట్టే. దూరంగా బండి చప్పుడు వినిపించింది. నాగరాజ్ ఉప్పు ప్యాకెట్‌తో చెమటలు కక్కుతూ లోపలికొచ్చేసరికి, రంగస్వామి విస్తరి మడిచి చేయి కడుక్కుంటున్నాడు.

"వస్తామ్మా. కడుపు నిండింది" అని ఆమెకొక్కదానికే చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పెద్ద ఈరన్న ప్యాకెట్ లాక్కుని పెళ్ళాం మొహాన కొట్టాడు. అది పగిలి ఉప్పు ఇల్లంతా చెల్లాచెదురైంది.

"నీ కొడుకు మెడకు నువ్వే ఉరి తగిలిచ్చినావు గదే!"

"నువ్వొక తల్లివా?" అంది నాగలక్ష్మమ్మ.

నాగరాజ్ అమ్మ వైపు చూడను కూడా లేదు.

ఉరుకుందమ్మ కొడుకును తేరిపార చూసుకుంది. కన్నీళ్లు ధారగా కారాయి. అవి దొంగ ఏడుపు కన్నీళ్లు కావు. చీపురు తెచ్చి, ఎవరి కాళ్ల కిందా పడకుండా ఉప్పంతా ఊడ్చి ఎత్తింది.

తర్వాత పెరట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫోన్‌లో మెల్లగా చెప్పింది: "ఏడవద్దు ఏసుమణీ, పొద్దున్నే ఇంట్లో ఉన్న ఉప్పంతా మోరీలో పోసేసినా, ఆయప్ప నోట్లో ఒక్క ఉప్పుకల్లు పడనీలేదు, ఇంగ నీ మొగుడు ఇంటికొస్తాడు."