విషం తీసిన నూనె

నూనె తాగించిన కోడిపిల్ల ఈసారి కూడా చచ్చింది.

గాజుగొట్టం నిండా కూరిన సిలికా పొడిలో విషం పైనే ఆగిపోవాలి, నూనె ఒక్కటే కిందికి జారాలి. రెండూ కలిసే కింది సీసాలోకి దిగాయి. తన పేరు చీటీ అంటించిన ఆ సీసాను బృంద సాల్వెంటు డబ్బాల వెనక్కి తోసేసింది. హాస్టలు నుంచి తెచ్చిన నువ్వుల నూనెను బల్లమీది బీకరులో పోసింది. అదీ పసుపే, ఇదీ పసుపే.

వేరే దారి లేదు. సర్కారు మొక్కలిచ్చింది, ఫొటోలు తీసుకుంది, పోయింది. సొంతూరు నాగలాపురం నల్లరేగడి అంతా ఇప్పుడు అడవి ఆముదమే. గింజ నిండా విషం, మేకలు కూడా మూతి పెట్టవు. విరుదునగర్ నూనె వ్యాపారి ఆరుముగం ఒక్కడే, విషం తీసి చూపిస్తే ఊరి విత్తనమంతా కొంటానన్నాడు. ఆయనకొక పట్టుంది: అమ్మేవాళ్ళు తన కళ్ళముందే తాగాలి. తానే తాగుదామనుకుంది బృంద.

నాయన తిరుపతిసామి పొద్దుటి బస్సుకే కోవిల్‌పట్టి వచ్చి, లాబులో ప్రతిదీ వాసన చూస్తూ తిరుగుతున్నాడు.

"ఏదీ ముట్టొద్దు నాయనా. ఆరుముగం అణ్ణాచ్చి కారొచ్చె, పిల్చుకోనొస్తా."

"పో తాయీ. నేనేమి చంటిబిడ్డనా?"

ఆమె వ్యాపారితో తిరిగొచ్చేసరికి నాయన తుండుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

ఆరుముగం బీకరు వైపు చూసి నవ్వాడు. "నోటితో ఎవరైనా చెప్తారమ్మా. నోట్లో పోసుకునేదెవరు?"

బృంద చెయ్యి చాపేలోగా నాయన బీకరు ఎత్తేశాడు.

"పెద్దాయనా, ఆలోచించుకో. ఊరికి తిరిగి పోవద్దా?"

"విషముంటే నా కూతురు నన్ను తాగనిస్తాదా అణ్ణాచ్చీ?"

గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. బృందకు భయం వేయలేదు. సిగ్గేసింది.

"సరే, రేపు లారీ పంపిస్తా," అంటూ ఆరుముగం కారెక్కాడు.

కారు దుమ్ము అణిగాక బృంద నాయన వైపు తిరిగింది. ఊరిని కాపాడడానికే అయినా, నాయన చేత అబద్ధం తాగించింది.

"నాయనా, నీకొకటి చెప్పాల."

"నాకు తెలుసులే తాయీ. వాసనకే తెలిసిపోయె."

ఆమె తల దించుకుంది. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నిన్ను చూసి ఓర్వలేక ఎవడో బీకరులో నువ్వుల నూనె పోసిపెట్టుండాడు. అది పారబోసి, నీ పేరుండే సీసా వెదికి, నీ నూనే పోస్తిని."